పాత గని గోతి కనబడిందా? అక్కడే ఆగండి

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో బల్లారట్, బెండిగో ఊళ్ళ చుట్టుపక్కల అడవుల్లో పాత గని గోతిలో మనిషి పడ్డాడనో, కుక్క పడిందనో వార్తలు వస్తూనే ఉంటాయి. మొన్న అలాంటిదే ఇంకొకటి చదివి ఇది రాస్తున్నాను. సెప్టెంబరు సెలవులు రాగానే మెల్‌బోర్న్‌లోని మన కుటుంబాలు పిల్లాపాపలతో అటే బయలుదేరతాయి. నీళ్ళు, టోపీ, బూట్ల సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. నేను చెప్పేది గోతి అంచు గురించి.

1851లో విక్టోరియాలో బంగారం బయటపడ్డాక జనం వేలాదిగా వచ్చి తవ్వారు. బంగారం అయిపోతే గోతిని అలాగే వదిలి మరో చోటికి పోయారు. కొన్నిటి మీద దుంగలు పరిచి మట్టి కప్పారు. ఆ దుంగలు ఎప్పుడో పుచ్చిపోయాయి. పైన యూకలిప్టస్ ఆకులు రాలి, చూపుకు మామూలు నేలలాగే ఉంటుంది.

మనవాళ్ళు చేసే తప్పు ఒక్కటే. గొయ్యి కనబడగానే ఎంత లోతుందో చూద్దామని అంచుకు వెళ్ళి తొంగి చూస్తారు. మన ఊరి బావికి రాతికట్టు ఉంటుంది, దీనికి ఏమీ లేదు. ఇన్నేళ్ళ వానలకు లోపలి గోడ జారిపోయి, అంచు కింద డొల్లగా మారి ఉండవచ్చు. పైకి మాత్రం గట్టిగానే కనబడుతుంది. చైనా నుంచి వచ్చినవారు తవ్విన గోతులు కొన్ని గుండ్రంగా ఉంటాయి. అవి అచ్చం బావుల్లా ఉండి మరింత మోసం చేస్తాయి. అంచుకు వెళ్ళకండి.

గొయ్యి కంటే ముందు కనబడేది తవ్విపోసిన మట్టి దిబ్బ. దిబ్బ ఉందంటే దాని మధ్యలోనో పక్కనో గొయ్యి ఉందనే అనుకోవాలి. పిల్లలు మొదట ఎక్కేది ఆ దిబ్బే.

పటంలో లేదు కాబట్టి ఫరవాలేదనుకోకండి. 1882 డిసెంబరులో క్రెస్విక్ దగ్గర ఒక గనిలోకి పక్కనున్న పాత తవ్వకం నీరు ఉరికి 22 మంది కార్మికులు చనిపోయారు. ఆ పాత తవ్వకం ఎక్కడిదాకా వచ్చిందో పటం తప్పుగా చూపింది. గని నడిపినవారి పటమే అలా ఉంటే, మన ఫోనులోని పటాన్ని నమ్మి అడుగు వేస్తామా?

బాట దిగకండి. ఫోటో కోసం వెనక్కి నడవకండి. పిల్లల చెయ్యి వదలకండి, కుక్కకు పట్టీ విప్పకండి. చీకటి పడేలోపు కారు దగ్గరికి వచ్చేయండి. సొరంగాల్లోకి వెళ్ళకండి, లోపల ఊపిరాడే గాలి ఉండకపోవచ్చు. గని దగ్గర పోసిన మెత్తటి ఇసుకలో పిల్లలను ఆడనివ్వకండి, అందులో ఆర్సెనిక్ అనే విషం ఉండవచ్చు. చేతులు కడుక్కోనిదే ఏమీ తినకండి. మైనర్స్ రైట్ (బంగారం వెతకడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) లేకుండా బంగారం వెతకకండి. అది ఉన్నా చేతి పనిముట్లే వాడాలి, తవ్విన గుంట పూడ్చాలి. మెటల్ డిటెక్టర్ పట్టుకుంటే కళ్ళు దాని కింది చక్రం (కాయిల్) మీద, చెవులు హెడ్‌ఫోన్‌లో ఉంటాయి, కాబట్టి ఒంటరిగా వెళ్ళకండి. ఎండకు పాములు బయటికొస్తాయి, పడిపోయిన దుంగల కింద చెయ్యి పెట్టకండి. అంచుకు వెళ్ళకండి, రాయి వేసి లోతు చూడటానికి కూడా.

ఎవరైనా పడితే పరుగెత్తి అంచుకు పోకండి. లోపలికి ఎవరూ దిగకండి. అత్యవసర నంబరు 000కు ఫోను చేయండి, దూరం నుంచే కేకవేసి పడినవారితో మాట్లాడుతూ ఉండండి. ఉన్నచోటు చెప్పడానికి ఎమర్జెన్సీ ప్లస్ యాప్ ఉంది. దాన్ని ఇంటి దగ్గరే ఫోనులో పెట్టుకోండి, అడవిలో సిగ్నల్ అన్ని చోట్లా అందదు.