రిటైర్మెంట్‌కి ఎంత డబ్బు కావాలో లెక్కవేయడం ఎలా?

"కోటి ఉంటే చాలదా?" అని అడిగేవాళ్లకి చెప్పి చెప్పి విసుగొచ్చింది. ఎవరింటి ఖర్చు వాళ్లది, అందరికీ ఒకే కోటి ఎలా సరిపోతుంది? కాగితం, పెన్ను, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు.

ముందు ఏడాది బ్యాంక్ స్టేట్‌మెంట్ తీసి, ఖర్చంతా కూడి 12తో భాగించండి. గుర్తున్నంత రాస్తే కుదరదు. పెళ్లి చదివింపులు, బండి ఇన్సూరెన్స్ ఎవరికీ గుర్తుండవు. అందులోంచి ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజులు తీసేయండి. ఆఫీసు పెట్రోలు మాత్రం తీయకూడదు, ఆ డబ్బు రేపు మందుల షాపుకి పోతుంది. నెలకి 40 వేలు తేలిందనుకుందాం. మీకిప్పుడు 40 ఏళ్లు, రిటైరయ్యేది 60కి.

ఇక్కడే అందరూ బోల్తా పడతారు. ధరలు ఏడాదికి 6 శాతం పెరుగుతాయంటే, 40 వేలకి ఏటా 2,400 చొప్పున 20 ఏళ్లకి 48 వేలు కలిపి, 88 వేలు అని రాసేస్తారు. తప్పు. పెరిగిన ధర మీదే మళ్లీ పెరుగుతుంది. 1.06ని 20 సార్లు గుణించుకుంటూ పోతే 3.2 వస్తుంది. అంటే నెలకి 1.28 లక్షలు. తేడా 40 వేలు, సరిగ్గా ఇవాళ్టి మీ ఇంటి ఖర్చంత! అదే లెక్కన అప్పటి కోటి ఇప్పటి 31 లక్షలే.

రిజర్వ్ బ్యాంక్ లక్ష్యం 4 శాతమే కదా అంటారు కొందరు. ఆసుపత్రి బిల్లు ఆ లక్ష్యాన్ని చూసి పెరగదు. 6 కంటే తగ్గించకండి.

ఇప్పుడు 1.28 లక్షల్ని 12తో, తర్వాత 30తో గుణించండి. సుమారు 4.6 కోట్లు. ముప్పై ఎందుకంటే 60 నుంచి 90 దాకా అన్నేళ్లు. దాచిన డబ్బు మీద పన్ను పోగా మిగిలే వడ్డీ ధరల పెరుగుదలకే సరిపోతుందనుకోవాలి. కొందరు 25 చాలంటారు. అది అమెరికా మార్కెట్ల పాత లెక్కలు చూసి చెప్పిన మాట, మనకెందుకు? భార్య ఐదేళ్లు చిన్నదైతే 35తో గుణించండి. ఆవిడ లెక్క మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

చివరికి పీఎఫ్, పీపీఎఫ్ లాంటివి 60 నాటికి ఎంతవుతాయో చూసి, ఆ 4.6 కోట్లలోంచి తీసేయండి. మిగిలిందే మీరు కూడబెట్టాల్సింది. పీఎఫ్‌తో పాటు వచ్చే ఈపీఎస్ పెన్షన్ మీద ఆశ వద్దు. జీతం ఎంతున్నా 15 వేల పరిమితి మీదే లెక్క కడితే, 30 ఏళ్లు పనిచేసినా నెలకి 7 వేల లోపే, అదీ ధరలతో పాటు పెరగదు. ఉంటున్న ఇల్లు రాయకండి. ఊళ్లో పొలం ఉంటే, నిజంగా అమ్మే మనసుంటేనే రాయండి. మా ఇంట్లో ఆ ఒక్క లైను ఇంకా తేలలేదు.