నైమేగన్ నాలుగు రోజుల నడకకు వెళ్తున్నారా? ముందు రెండో రోజు పొద్దున గురించి ఆలోచించండి

సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు లక్షల మంది ఆ కొండ చుట్టూ నడుస్తారు, మర్నాడు ఇంట్లో కాళ్లు చాపుకుని పడుకుంటారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే, జూలై మూడో మంగళవారం, నెదర్లాండ్స్‌లోని నైమేగన్‌లో మరో నడక మొదలవుతుంది. అక్కడ మర్నాడు పడుకోవడం లేదు. మళ్లీ అంత దూరం. ఆ మర్నాడూ అంతే. శుక్రవారం సాయంత్రం దాకా ఇదే వరస.

1909లో మొదలైన ఈ 'వీర్‌డాక్సె'కు (డచ్ భాషలో నాలుగు రోజుల నడక అని) ఏటా 40 వేలకు పైగా జనం వస్తారు. రోజుకు 30, 40 లేదా 50 కిలోమీటర్లు. కనీసం ఎంత నడవాలన్నది వయసును బట్టి నిర్ణయిస్తారు కాబట్టి, పేరు నమోదు చేసేటప్పుడే నిబంధనలు చదవండి. 30 అనుకుని ప్రాక్టీసు చేసి, తీరా మీకు పడింది 40 అని తెలిస్తే చేసేదేమీ ఉండదు.

నేను మొదటిసారి మంగళవారం సాయంత్రం కాలరెగరేసుకుని బసకు వచ్చాను. బుధవారం తెల్లవారుజామున బాత్రూమ్ దాకా వెళ్లడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. అందుకే ప్రాక్టీసు విషయంలో నేను చెప్పేది ఒక్కటే. ఒక ఆదివారం 40 నడిచేశాను అన్నది లెక్కలోకి రాదు. శనివారం 25 నడిచి, ఆదివారం నొప్పులతోనే లేచి మళ్లీ 25 నడవగలిగితే అది లెక్క. ఐదారు నెలల ముందే మొదలుపెట్టి మెల్లగా పెంచండి. పార్కులో మెత్తటి మట్టి బాట మీద కాదు, తారు రోడ్డు మీద. అక్కడి దారి చాలావరకు అదే. వానలో కూడా ఒకటి రెండుసార్లు నడవండి. తడిసిన సాక్సు అరికాలిని ఏం చేస్తుందో ఇక్కడే తెలిసిపోవడం మంచిది.

బూట్ల సంగతి. కొత్తవి వేసుకుని విమానం ఎక్కడం కంటే పెద్ద తప్పు లేదు. కనీసం రెండు మూడు వందల కిలోమీటర్లు నడిచిన జత కావాలి. గంటలకొద్దీ నడిస్తే పాదం ఉబ్బుతుంది, కాబట్టి కొనేటప్పుడే సాయంత్రం పూట వెళ్లి, నడకకు వాడే సాక్సులు తొడుక్కుని, బొటనవేలి ముందు కాస్త ఖాళీ ఉండేలా చూసుకోండి. ఇంకో మాట: ఆ బూట్లు కాళ్లకే ఉండాలి, లేదా చేతి బ్యాగులో ఉండాలి. సూట్‌కేసు దారి తప్పితే చొక్కా ఎక్కడైనా కొనుక్కోవచ్చు, అలవాటైన బూట్లు ఎక్కడ కొంటారు?

బొబ్బ ఒక్కసారిగా రాదు. ముందు ఒకచోట చురుకుమంటుంది. అప్పుడే ఆగాలి. 'తర్వాతి మజిలీలో చూద్దాంలే' అన్నారంటే అయిపోయినట్టే. రోడ్డు పక్కన కూర్చుని, కాలు తుడుచుకుని, ఆ చోట టేపు ముడత పడకుండా వేసుకుని, పొడి సాక్సు తొడుక్కోవాలి. పది నిమిషాల పని. బొబ్బ వచ్చేసిందా, పైచర్మం పీకకండి. రెడ్ క్రాస్ వాళ్ల దగ్గర చూపించుకోండి. వాళ్లకు అదే పని, చెయ్యి తిరిగినవాళ్లు. షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు ఈ చురుకే తెలియదు. అలాంటివాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా ఈ నడకకు పేరే ఇవ్వకూడదు. తొడలు, చంకలు ఒరుసుకుపోకుండా వాజలీన్ రాసుకోండి, సిగ్గుపడే విషయం కాదు.

'మనకు ఎండ కొత్తా?' అనే మాట మనవాళ్ల నోట బాగా వింటుంటాను. 2006లో మొదటి రోజు ఎండకు ఇద్దరు నడిచేవాళ్లు చనిపోయారు. మిగతా మూడు రోజులు రద్దు చేశారు. 2022లో ఎండ భయంతోనే మొదటి రోజు నడకను ఆపేశారు. మనం ఎండను తట్టుకునేది నీడన ఉండి. 36 డిగ్రీల్లో ఎనిమిది, తొమ్మిది గంటలు ఆగకుండా నడిచే అలవాటు మనకూ లేదు. అక్కడ నది కట్టల మీద చెట్టు నీడ కూడా ఉండదు. టోపీ, తడిగుడ్డ, దగ్గర దగ్గరగా విశ్రాంతి తప్పనిసరి.

నీళ్ల విషయంలో రెండు వైపులా ప్రమాదమే. తాగకపోతే వడదెబ్బ. దాహం లేకున్నా లీటర్లు లీటర్లు వట్టి నీళ్లే పోసుకుంటే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతి, మాట తడబాటు వస్తాయి. దాహాన్ని బట్టి తాగండి, మధ్యలో ఉప్పు పడాలి. మజ్జిగ దొరకదు కాబట్టి ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి. ఊళ్లలో జనం దోసకాయ ముక్కలు పంచుతారు, వాటి మీద ఉప్పు చల్లుకుని తినండి. నొప్పి మాత్రలు మింగుతూ నడవడం మాత్రం వద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీల మీద పడతాయి. బీపీకి మూత్రం ఎక్కువయ్యే మాత్రలు వాడేవాళ్లు కూడా ముందే డాక్టరును అడగాలి.

కాగితాల పని గురించి క్లుప్తంగా. నెదర్లాండ్స్ వెళ్లడానికి కావాల్సిన షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. 30 వేల యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి, అందులో ఇలాంటి ఈవెంట్లకు మినహాయింపు ఉందేమో చదవండి. పేర్లు ఎక్కువైతే లాటరీ తీస్తారు కాబట్టి, సీటు ఖాయమయ్యాకే టికెట్ కొనండి. బస మాత్రం ఆలస్యం చేయొద్దు. ఆ వారం ఊరంతా పండగ, గదులు దొరకవు. రాత్రి పాటల హోరు, పది దాకా పోని వెలుతురు. 50 నడిచేవాళ్లు తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరాలి. చెవుల్లో పెట్టుకునే దూది, కళ్లకు గుడ్డ లేకపోతే నిద్ర కల్ల. నాలుగైదు రోజుల ముందే చేరుకోండి.

మూడో రోజు గ్రూస్‌బేక్ అనే ఊరి వైపు ఎత్తుపల్లాలు. ఆ దారి పేరుకు అర్థం 'ఏడు కొండల రోడ్డు'. ఎక్కడికెళ్లినా మనకు ఏడుకొండలు తప్పవన్నమాట. కొండలు చిన్నవే. కానీ దిగేటప్పుడు మోకాళ్లు, వేలి గోళ్లు దెబ్బతింటాయి. గోళ్లు వారం ముందే కత్తిరించుకోండి, దిగుడులో అంగలు చిన్నవి వేయండి.

ఎప్పుడు మానేయాలి? ఇది బయలుదేరక ముందే ఇంట్లోవాళ్లతో కలిసి రాసుకోండి, ఎందుకంటే అక్కడ మన బుర్ర మన మాట వినదు. ఛాతీలో బరువు, చెమట ఆగిపోవడం, తికమక, ఒక కాలి ఎముక మీద ఒకేచోట పెరుగుతున్న నొప్పి. వీటిలో ఏదొచ్చినా నడక ఆపాలి. అత్యవసర నంబరు 112. 'ఇంత ఖర్చు పెట్టి వచ్చాను' అన్న ఆలోచనే అక్కడ మనకు శత్రువు.

శుక్రవారం చివరి కిలోమీటర్లలో రోడ్డుకు రెండు పక్కలా జనం గ్లాడియోలస్ పూలు చేతికిస్తారు. ఆ సంబరంలో అందరూ వేగం పెంచేస్తారు, పిక్కలు పట్టేసేది సరిగ్గా అక్కడే. ఆ రాత్రికే విమానం పెట్టుకోవద్దు. వాచిన కాళ్లతో పది గంటలు కదలకుండా కూర్చుంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. రెండు రోజులు ఆగి బయలుదేరండి. పెట్టె సర్దేటప్పుడు వదులుగా ఉండే పాత చెప్పులు ఒక జత పెట్టుకోండి. శనివారం ఉదయం బూట్లు పట్టవు.