పట్నం బతుకు ఒంటికేం చేసిందో తేల్చాలంటే: తోబుట్టువుల పోలిక పద్ధతి

హైదరాబాద్‌లో వెయ్యిమందికి, వనపర్తి పల్లెల్లో వెయ్యిమందికి రక్తపరీక్ష చేసి, పట్నంలో షుగర్ ఎక్కువ తేలింది కాబట్టి తప్పంతా పట్నానిదే అనడం తేలిక. కానీ ఆ రెండు గుంపులకూ వేరుగా ఉన్నది ఊరొక్కటే కాదు. భూమి, చదువు, అమ్మానాన్నలకున్న జబ్బులు, చిన్నప్పటి తిండి అన్నీ వేరే. అడిగి రాసుకున్నవాటిని లెక్కల్లో సర్దుబాటు చేయొచ్చు. అడగనివాటిని ఏ సాఫ్ట్‌వేరూ సర్దలేదు. అందుకే ఎపిడెమియాలజీలో (ఎవరికి ఏ జబ్బు ఎందుకొస్తుందో లెక్కతేల్చే శాస్త్రంలో) ఈ ప్రశ్నకు బాగా పనికొచ్చేది ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరిని, అంటే పట్నం వెళ్లినవారిని, ఊళ్లో ఉండిపోయినవారిని జంటగా పోల్చడం.

ఇండియన్ మైగ్రేషన్ స్టడీ 2005-07లో ఇదే చేసింది. లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగళూరు ఫ్యాక్టరీల్లోని వలస కార్మికులను, ఊళ్లలో ఉన్న వారి తోబుట్టువులను కొలిచారు. మగవారిలో షుగర్ గ్రామీణుల్లో 6.2 శాతం, వలస వచ్చినవారిలో 14.3 శాతం, మొదటి నుంచీ పట్నంలో ఉన్నవారిలో 13.5 శాతం తేలింది. ఇవి ఫ్యాక్టరీ ఉద్యోగుల కుటుంబాల అంకెలు. అడ్డా కూలీలకు, భవన నిర్మాణంలో ఉన్నవారికి ఇవే వర్తిస్తాయనుకోకండి.

ఎంతమంది కావాలి?

పల్లెలో 6, పట్నంలో 14 శాతం అనుకుని, 80 శాతం పవర్ (నిజంగా ఉన్న తేడాను పట్టుకునే అవకాశం), 5 శాతం సిగ్నిఫికెన్స్ (లేని తేడాను ఉందనుకునే అవకాశం) పెట్టుకుంటే మామూలు పోలికకు గుంపుకు 217 మంది కావాలి. బస్తీల వారీగా ఎంచుకుంటే ఒకే బస్తీ వాళ్లు ఒకేలా ఉంటారు కాబట్టి 1.5తో గుణించండి, సుమారు 325 అవుతుంది. 15 శాతం మంది రారనుకుంటే 383 దాకా పిలవాలి. జంటల లెక్కలో ఇద్దరిలో ఒక్కరు రాకపోయినా జంట పోయినట్టే, కనుక ఇంకొంచెం ఎక్కువే పెట్టుకోండి.

జంటలను పట్టుకోవడం

పట్నం నుంచి మొదలుపెట్టాలి. ఓటరు జాబితాను నమ్ముకోవద్దు, వలస వచ్చినవారిలో చాలామంది ఓటూ రేషన్ కార్డూ సొంతూళ్లోనే ఉంటాయి. ఫ్యాక్టరీ అయితే మస్టర్ రోల్ (కార్మికుల హాజరు పట్టీ), బస్తీ అయితే ఇంటింటికీ తిరిగి రాసుకున్న జాబితా. అర్హత ముందే రాసిపెట్టుకోండి: వయసు 30-60, పదిహేనేళ్లు నిండాక పట్నం వచ్చి ఉండాలి, వచ్చి కనీసం ఏడాది కావాలి. తోబుట్టువు ఆడ-మగలో ఒకటే అయి, వయసులో అందరికన్నా దగ్గరగా ఉండాలి. ‘ఎవరు దొరికితే వారు’ అంటే పని లేకనో, ఒంట్లో బాగోలేకనో ఇంటిపట్టున ఉన్నవారే దొరుకుతారు. ‘మా తమ్ముడే’ అంటే సరిపోదు, పెదనాన్న కొడుకూ తమ్ముడే. ఒకే తల్లిదండ్రుల పిల్లలా అని విడిగా అడగండి.

దసరాకో సంక్రాంతికో ఇద్దరూ ఒకేచోట దొరుకుతారు కదా, అప్పుడే కొలిచేద్దామనిపిస్తుంది. పండగకు పేర్లు రాసుకోండి, అంతే. పిండివంటలు, మందు, ప్రయాణ బడలిక మధ్య తీసిన షుగర్, బీపీ అంకెలు రోజువారీ బతుకువి కావు. ఒక జంటలో ఇద్దరినీ ఒకే పక్షం రోజుల్లో, ఎవరి చోట వారిని కొలవాలి. చలికాలంలో బీపీ పెరుగుతుంది. ఒకరిని డిసెంబరులో, ఇంకొకరిని మే నెలలో చూస్తే ఆ తేడా ఊరిది కాదు, కాలానిది.

పట్నం ‘డోసు’

పట్నమా పల్లెనా అన్న ఒక్క గడితో ఆగిపోవద్దు. ఏ వయసులో వచ్చారు, మొత్తం ఎన్నేళ్లున్నారు, మధ్యలో ఎప్పుడు తిరిగి వెళ్లారు అన్నవి కావాలి. ‘ఏ సంవత్సరం’ అంటే తడుముకుంటారు. కాగితం మీద ఏళ్ల గళ్లు గీసి పెళ్లి, పిల్లల పుట్టుక, 2004, 2016 కృష్ణా పుష్కరాలు, 2020 లాక్‌డౌన్ ముందే గుర్తుపెట్టి, వాటికి ముందా తర్వాతా అని అడిగితే పని జరుగుతుంది. ఊళ్లో ఉన్న తోబుట్టువుకూ ఇదే పట్టిక నింపాలి. జబ్బుపడి పట్నం నుంచి వచ్చేసిన మనిషి ‘పల్లె’ గడిలో పడితే పల్లెకు లేని జబ్బు అంటగడతాం, పట్నం మంచిదన్నట్టు కనిపిస్తుంది.

కొలతలు: ఒకవైపే పడే తప్పులు

రెండువైపులా సమానంగా పడే తప్పు ఫలితాన్ని కాస్త మసకబారుస్తుంది, అంతే. ఒకవైపే పడే తప్పు మాత్రం పట్నం ప్రభావంలా వేషం వేసుకొస్తుంది.

‘మీకు షుగర్ ఉందా?’ అన్న ప్రశ్న దీనికి మంచి ఉదాహరణ. పట్నంలో పరీక్షలు ఎక్కువ చేయించుకుంటారు, కాబట్టి ఎక్కువమందికి తెలుసు. ప్రశ్న ఉంచండి, కానీ అందరికీ రక్తం తీయండి. ఎనిమిది గంటల పరగడుపు తర్వాత డెసీలీటరుకు 126 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటేనో, మందులు వాడుతుంటేనో షుగర్‌గా లెక్క.

రక్తం తీశాక అసలు చిక్కు మొదలవుతుంది. ట్యూబులో రక్తకణాలు గ్లూకోజును వాడేస్తూనే ఉంటాయి, గది వేడిలో గంటకు సుమారు 5-7 శాతం తగ్గుతుంది. బూడిదరంగు మూత ఫ్లోరైడ్ ట్యూబు వాడినా మొదటి గంటా రెండు గంటలూ ఇది పూర్తిగా ఆగదు. పట్నం ట్యూబు అరగంటలో ల్యాబు చేరి, పల్లె ట్యూబు రెండు గంటలు జీపులో తిరిగితే పల్లెలో 130 ఉన్నవాడు 117తో ‘ఆరోగ్యవంతుడు’ అయిపోతాడు. ట్యూబును వెంటనే మంచునీళ్లలో పెట్టండి, చిన్న సెంట్రిఫ్యూజ్ వెంట తీసుకెళ్లి అరగంటలో ప్లాస్మా వేరుచేయండి. తీసిన సమయం, వేరుచేసిన సమయం ప్రతి ట్యూబు మీదా ఉండాలి.

బీపీ పట్టీ సంగతీ ఇంతే. లోపలి గాలిసంచి చేతి చుట్టుకొలతలో 80 శాతమైనా చుట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది, లావు చేతులేమో పట్నంలోనే ఎక్కువ. ముందు చేయి కొలిచి, తగ్గ పట్టీ కట్టండి. టీ, బీడీ ముట్టి అరగంట దాటాలి, అయిదు నిమిషాలు వీపు ఆనించి మాట్లాడకుండా కూర్చోవాలి. నిమిషం తేడాతో మూడుసార్లు చూసి, మొదటిది వదిలేసి మిగతా రెండింటి సగటు తీయండి. నడుము కొలత చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు మధ్యలో, ఊపిరి వదిలాక. మిషన్లనూ, కొలిచే మనుషులనూ పట్నం-పల్లెల మధ్య మారుస్తూ ఉండండి.

ఎత్తు తప్పక కొలవండి. ఎదుగుదల పూర్తయ్యాక వలస వెళ్తే ఎత్తు మారదు. అలా వెళ్లిన పట్నం తమ్ముళ్లు ఊళ్లో అన్నల కన్నా సగటున పొడుగ్గా తేలితే, వెళ్లకముందే వారి తిండీ ఆరోగ్యమూ మెరుగని అనుమానించాలి.

లెక్క

300 జంటలున్నాయనుకుందాం. ఇద్దరికీ షుగర్ ఉన్న, ఇద్దరికీ లేని జంటలు ఇక్కడ ఏమీ చెప్పవు. పట్నం మనిషికే ఉన్నవి 36, ఊరి మనిషికే ఉన్నవి 15 అయితే ఆడ్స్ రేషియో (పట్నంవారికి షుగర్ ఉండే అవకాశం ఊరివారికన్నా ఎన్ని రెట్లో చెప్పే అంకె) 36/15, అంటే 2.4. 95 శాతం విశ్వసనీయ పరిధి (అసలు విలువ ఉండగల హద్దులు) 1.3 నుంచి 4.4. వయసు తేడా, పుట్టిన వరుస కలుపుకోవడానికి కండిషనల్ లాజిస్టిక్ రిగ్రెషన్ (జంటలను విడదీయకుండా సర్దుబాటు చేసే లెక్క) వాడండి. బరువును మాత్రం సర్దుబాటులో పెట్టకండి. పట్నం షుగర్ తెచ్చే దారుల్లో బరువు ఒకటి. దాన్ని తీసేస్తే మీరు వెతుకుతున్నదానిలో కొంత మీరే చెరిపేసినట్టు.

పని మొదలుకాకముందే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఎథిక్స్ కమిటీ అనుమతి, తెలుగులో సమ్మతిపత్రం ఉండాలి. వేలిముద్ర అయితే సాక్షి సంతకం. ఫలితాలు ప్రతి ఒక్కరికీ చెప్పాలి. బీపీ 180/120 తాకితే అదే రోజు డాక్టరు దగ్గరికి పంపాలి.

జంటలు దొరక్కపోతే

పట్నమే పల్లెను వెతుక్కుంటూ వచ్చినచోట చూడొచ్చు. హైదరాబాద్ దగ్గరి 29 గ్రామాల్లో 1987-90లో జరిగిన పోషకాహార ప్రయోగం నుంచి పుట్టిన ఏపీక్యాప్స్ (ఆంధ్రప్రదేశ్ పిల్లలు, తల్లిదండ్రుల) అధ్యయనంలో, ఏ ఊరు ఎంత పట్నమైందో ఉపగ్రహాలు తీసిన రాత్రి వెలుతురుతో కొలిచారు. ఈ దారి పడితే ఒక జాగ్రత్త: పాత డీఎంఎస్‌పీ (అమెరికా వాతావరణ ఉపగ్రహాల) చిత్రాల్లో వెలుతురు అంకె 63 దాటదు, నగరం నడిబొడ్డంతా ఒకేలా కనిపిస్తుంది. 2012 నుంచి వస్తున్న వీఐఐఆర్‌ఎస్ (కొత్త ఉపగ్రహ పరికరం) కొలమానం వేరు. రెండింటినీ సరిపోల్చి సర్దకుండా ఒకే వరుసలో అతికిస్తే, అన్ని ఊళ్లూ ఒక్క ఏడాదిలో మారిపోయినట్టు కనిపిస్తుంది.