రాయచూరు కోటలో 1520 నాటి యుద్ధాన్ని పిల్లలకు ఎలా చూపించాలి

నేను గద్వాలలో సోషల్ చెప్తాను. ఏటా పదో తరగతి పిల్లల్ని రైల్లో రాయచూరు తీసుకెళ్తాను. డిసెంబరులో వెళ్లండి. అప్పట్లో ఈ కోట బిజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షా చేతిలో ఉండేది. దానికోసం కృష్ణదేవరాయలు అతనితో తలపడింది మే నెలలో. ఆ ఎండ పిల్లలకు వద్దు.

బయలుదేరే ముందు రోజు బడి ప్రహరీ దగ్గర ఒక ఆట ఆడించండి. ఇద్దరు గట్టు మీద నిలబడి కాగితం ఉండలు విసరాలి, నలుగురు కింద పేర్చిన ఇటుకలు లాగాలి. లాగలేరు. ఇప్పుడు దూరం నుంచి ఇంకో ఇద్దరితో గట్టు మీదవాళ్ల పైకి ఉండలు వేయించండి. పైవాళ్లు తల దాచుకోగానే ఇటుకలన్నీ వచ్చేస్తాయి. క్రిస్తొవావ్ ద ఫిగెరేదో చేసింది అదే. గుర్రాలు అమ్ముకోవడానికి వచ్చిన ఈ పోర్చుగీసు వర్తకుడు 20 మంది తుపాకీ వాళ్లతో గోడ మీద కనిపించిన ప్రతివాణ్నీ కొట్టించాడు. కింద రాయల సైనికులు గడ్డపారలతో రాళ్లు పెకలించారు. రాయి సైజును బట్టి పణాలు (అప్పటి నాణేలు) ఇచ్చేవారని పోర్చుగీసు రచయిత న్యూనిజ్ రాశాడు. తుపాకుల వాళ్లెవరో చూద్దామని కోట అధిపతి తొంగిచూస్తే నుదుట గుండు తగిలింది. మర్నాడు కోట లొంగిపోయింది.

కోట కంటే ముందు కృష్ణ ఒడ్డుకు తీసుకెళ్లండి, ఇది మాత్రం మానొద్దు. కోట లొంగక ముందే అసలు పోరు అక్కడే తేలింది. ఆదిల్‌షా ఫిరంగులకు రాయల సేన మొదట చెదిరిపోయింది, రాయలే ముందుకొచ్చి మళ్లీ నిలబెట్టాడు. నది దాటి వచ్చిన సైన్యం అదే నదిలో మునిగింది. ఒడ్డున నిలబెట్టి చెప్తే ఎందుకు మునిగారని ఎవరూ అడగరు.

"హిందువులకీ ముస్లింలకీ యుద్ధమా టీచర్?" అని అడుగుతారు. తప్పించుకోవద్దు. ఆదిల్‌షా వైపు కూడా పోర్చుగీసువాళ్లు ఉన్నారని చెప్పండి. గుర్రాలు కొనమని రాయలు డబ్బిచ్చి గోవాకు పంపిన సయ్యద్ మరైకార్ ఆ డబ్బుతో ఆదిల్‌షా దగ్గరికి పారిపోవడం గొడవకు సాకైందని కూడా చెప్పండి.

కోటలో సున్నం లేకుండా పేర్చిన రాళ్ల సందుల్లో వేళ్లు పెట్టి చూడనివ్వండి. చివరగా పడమటి గోడలో 1294 నాటి శాసనం దగ్గర ఆగండి. సుమారు 41 అడుగుల ఒకే రాయి, దాని మీద తెలుగు. పక్కనే ఆ రాయిని బండి మీద లాగుతున్న బొమ్మ ఉంటుంది. దున్నల్ని లెక్కపెట్టమనండి.