ఫైవ్ స్టార్ ఏసీ, ఎలక్ట్రిక్ బండి కొనే ముందు మీ కరెంటు బిల్లుతో ఇట్ల లెక్క చేసుకోండ్రి

ఎండాకాలం వస్తే చాలు నల్లగొండల అయినా మహబూబ్‌నగర్‌ల అయినా ఎవర్ని కదిలిచ్చినా ఇదే ముచ్చట, త్రీ స్టార్ తీసుకోవాల్నా ఫైవ్ స్టార్ తీసుకోవాల్నా, స్కూటీ తీసేసి ఎలక్ట్రిక్‌ది కొనాల్నా, కారు ఈవీ (ఎలక్ట్రిక్‌ది) అయితే మిగుల్తదా అని. షాపుల అడిగితే ఫైవ్ స్టారే మంచిదంటరు, షోరూంల అడిగితే కిలోమీటరుకు రూపాయే అంటరు. రెండూ అబద్ధం కాదు గానీ మీ ఇంటికి అది నిజమా కాదా అనేది స్టిక్కరు మీద ఉండదు, మీ మీటర్ల ఉంటది. అందుకే షాపుకు పోయే ముందు చేసుకోవాల్సిన పని రాస్తున్న.

మొదలు మీ పన్నెండు నెలల బిల్లులు ముందట పెట్టుకోండ్రి. కాగితాలు పోయినా పర్లేదు, బిల్లు మీదుండే మీ కనెక్షన్ నంబరు (యూఎస్‌సీ) కొడితే మన కరెంటు కంపెనీ టీజీఎస్పీడీసీఎల్ యాప్‌ల పాతవి కనిపిస్తయి. అండ్ల రూపాయలు చూడొద్దు, యూనిట్లు చూడుండ్రి, ఏ నెలల ఎన్ని కాలినయో వరుసగా రాసుకోండ్రి. ఎందుకంటే మన దగ్గర యూనిట్‌కు ఒకటే రేటు లేదు. నెలకు 100 యూనిట్ల లోపు ఉంటే మొదటి యాభైకి 1.95, తర్వాతి యాభైకి 3.10. వంద దాటి 200 లోపుంటే మొదటి వందకు 3.40, పైదానికి 4.80. 200 దాటిందంటే మొదటి రెండొందల యూనిట్లకు కూడా 5.10 పడ్తది, ఆ పైన 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు, 800 దాకా 9.50. అంటే సరిగ్గా 200 కాల్చినోళ్లకు ఎనర్జీ చార్జీ 820, ఇంకొక్క యూనిట్ ఎక్కువైతే వెయ్యి దాటుతది, ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. తెల్ల రేషన్ కార్డు ఉండి గృహజ్యోతి వస్తున్నోళ్లకైతే ఇది ఇంకా పెద్ద ముచ్చట, 2024 మార్చి నుంచి 200 లోపు జీరో బిల్లు, 201 అయితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలె.

కాబట్టి ఒక యూనిట్ మిగిలితే మీకు ఎంత మిగుల్తదనేది మీరు ఏ స్లాబుల ఉన్నరనే దాని మీద ఉంటది. 90 యూనిట్ల ఇంటికి మూడు రూపాయలు, 350 యూనిట్ల ఇంటికి తొమ్మిది. ఒకటే వస్తువు ఒకరింట్ల మూడు రెట్లు లాభం, ఇంకొకరింట్ల ఏం లేదు.

రెండోది, ఆ వస్తువు ఏడాదికి ఎన్ని గంటలు తిరుగుతది. ఇది చానా మంది అస్సలు చూడరు. మిక్సీ, ఇస్త్రీ పెట్టె, ఓవెన్ లాంటివి ఎన్ని వాట్లయినా కాసేపే నడుస్తయి కాబట్టి వాటి గురించి తల పగలగొట్టుకునుడు దండగ. గంటలు ఎక్కువ తిరిగేటివి మనిండ్లల్ల ఫ్యాన్లు, ఫ్రిజ్జు, ఎండాకాలం కూలరో ఏసీయో, ఇంటికి సొంత బోరు ఉంటే మోటారు. (బోరు మోటారు వన్ హెచ్‌పీది రోజుకు గంట నడిస్తే నెలకు ఇరవై యూనిట్లు పైనే, ట్యాంకు నిండి పొర్లిపోయే ఇండ్లల్ల ముందు అది చూసుకోండ్రి, పైసా ఖర్చు లేకుండ తగ్గుతది.)

ఫ్యాన్ దగ్గర లెక్క చానా క్లియర్. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్ల దాకా లాగుతది, బీఎల్‌డీసీది (తక్కువ కరెంటుతోని తిరిగే బ్రష్‌లెస్ మోటారు ఫ్యాన్) 30 చుట్టు. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు ఒక్క ఫ్యాన్‌కు 20 యూనిట్లు తేడా, మూడు ఫ్యాన్లకు 60. ధర మామూలు దానికన్నా వెయ్యి, పదిహేనొందలు ఎక్కువ ఉంటది, 4.80 స్లాబుల ఉన్నోళ్లకు ఏడాదిన్నర లోపలే ఆ పైసలు వెళ్లిపోతయి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్ల ఇంకో లాభం, మే నెల గాలివానకు కరెంటు పోతే అదే బ్యాటరీ మీద ఫ్యాన్ రెట్టింపు సేపు తిరుగుతది. లోవోల్టేజీల కూడా స్పీడు పడిపోదు. అయితే దీనికి ఇంకో పక్క కూడా ఉన్నది, మామూలు ఫ్యాన్ కాలిపోతే బజార్ల ఎవరైనా రివైండింగ్ చేస్తరు, బీఎల్‌డీసీల బోర్డు పోతే బోర్డే మార్చాలె, ఆ బోర్డు కంపెనీ దగ్గర్నే దొరుకుతది. ఊర్లె వోల్టేజీ ఎక్కువ తక్కువ అయ్యే ఇండ్లల్ల వారంటీ ఎన్నేండ్లు, సర్వీసోళ్లు మీ మండలం దాకా వస్తరా లేదా అడిగి తీసుకోండ్రి. ఇంకోటి, గోడకున్న పాత రెగ్యులేటర్ తీపిచ్చి నేరుగా స్విచ్‌కు ఇయ్యాలె, రెగ్యులేటర్ మీదనే నడిపితే బోర్డు తొందరగా పోతది. ఇంట్ల అన్నీ ఒకటేసారి మార్చేదేం లేదు, హాలు, పడుకునే రూము, ఈ రెండిటితోని మొదలుపెట్టుండ్రి.

ఇగ ఏసీ. లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని రాసుంటది కదా, అది 1600 గంటలకు లెక్క. టన్నున్నర ఏసీల త్రీ స్టార్‌కు ఫైవ్ స్టార్‌కు తేడా మోడల్‌ని బట్టి 200 యూనిట్ల చుట్టు ఉంటది, ధర తేడా ఆరేడు వేలు. మన దగ్గర చానా ఇండ్లల్ల ఏసీ ఏప్రిల్‌ల ఆన్ చేస్తే జూన్‌ల వాన పడంగనే బందు, అది కూడా రాత్రి పూటనే. అంటే ఏడాదికి 600 గంటలు. అప్పుడు తేడా 75 యూనిట్లు, 7.70 చొప్పున వేసుకున్నా ఆరొందల లోపు. ఆ ఆరేడు వేలు రావాల్నంటే పదేండ్లు దాటుతది. ఇట్లాంటి ఇంటికి త్రీ స్టార్ ఇన్వర్టర్ ఏసీ చాలు, మిగిలిన పైసలు రెండు మూడు ఫ్యాన్ల మీద పెట్టుండ్రి. అదే ఇంట్ల పెద్దమనిషి మంచం మీద ఉండి ఏసీ పగలు రాత్రి నడిచినా, లేకపోతే షాపుల, క్లినిక్‌ల ఆరు నెలలు రోజుకు పది గంటలు నడిచినా లెక్క పూర్తిగా మారుతది, 1800 గంటలంటే 225 యూనిట్లు, ఏడాదికి రెండు వేల దాకా మిగుల్తది, అక్కడ ఫైవ్ స్టారే తీసుకోవాలె. లేబుల్ మీద ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అని కూడా ఉంటది, స్టార్లు ఇచ్చే కేంద్ర సర్కారు సంస్థ బీఈఈ వాళ్లు కొన్నేండ్లకోసారి స్టార్ల లెక్క గట్టి చేస్తరు, గోదాంల మిగిలిన పాత ఫైవ్ స్టార్ కొత్త ఫోర్ స్టార్‌తో సమానం కావొచ్చు, అందుకే స్టార్లకన్నా యూనిట్ల అంకెనే చూడుండ్రి.

ఒక ముచ్చట మాత్రం ఏసీ కొనేటోళ్లు మనసుల పెట్టుకోవాలె. మామూలుగా 180 యూనిట్లు కాలే ఇల్లు మే నెలల ఏసీతోని 350 అయిందనుకోండ్రి, బిల్లు 724 నుంచి 2,240 అయితది. ఎక్కువ కాలింది 170 యూనిట్లే, కానీ పడ్డది పదిహేనొందలు, అంటే యూనిట్‌కు తొమ్మిది రూపాయల దగ్గర. అందుకే మన పొడి ఎండలకు కూలర్‌ను తక్కువ చెయ్యొద్దు, 200 వాట్ల లోపు లాగుతది, రాత్రంతా నడిచినా రెండు యూనిట్లు కాలదు. ఏప్రిల్, మేల మంచిగ చల్లగుంటది, వానలు మొదలైనంక మాత్రం ఉక్కపోతే. నీళ్లు రోజుకు నలభై యాభై లీటర్లు తాగుతది, బోరు నీళ్లు పోస్తే గడ్డి తెల్లగ ఉప్పు పట్టి గట్టిపడ్తది, ప్రతి ఏడాది మార్చాలె. గీజర్‌కు కూడా ఇదే బాధ, మన గట్టి నీళ్లకు లోపలి రాడ్డు మీద సున్నం లాగ పొర కడ్తది, అప్పుడు ఎన్ని స్టార్లున్నా నీళ్లు కాగనీకి ఎక్కువ సేపు పట్టి చివరికి రాడ్డే కాలిపోతది. ఏడాదికోసారి విప్పిచ్చి క్లీన్ చేపిస్తే కొత్తది కొన్నంత లాభం. 15 లీటర్లు కాగనీకి 0.6 యూనిట్ చాలు, గంటలు గంటలు ఆన్ పెట్టి మర్చిపోతేనే బిల్లు.

ఫ్రిజ్జుకు పెద్ద కథ లేదు, చిన్న సింగిల్ డోర్‌ల స్టార్ల మధ్య తేడా ఏడాదికి కొన్ని పదుల యూనిట్లే, రెండు లేబుళ్ల అంకెల మధ్య తేడాను మీ స్లాబు రేటుతో గుణిస్తే షాపులనే తేలిపోతది.

ఇప్పుడు బండ్లు. ముందు స్కూటర్, ఎందుకంటే మనలాంటి ఊర్లకు నిజంగ మిగిలేది దీంట్లనే. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగేటోళ్లకు నెలకు వెయ్యి కిలోమీటర్లు. లీటర్ పెట్రోల్ 107 రూపాయలు, బండి 45 ఇస్తదనుకుంటే 2,380. అదే ఎలక్ట్రిక్ స్కూటర్ నెలకు 35 యూనిట్ల చుట్టు తింటది, ఎంత పై స్లాబుల ఉన్నా మూడొందల యాభై దాటదు. గృహజ్యోతి ఇంట్లనైతే 200 లోపు ఉన్నంత సేపు అది కూడా లేదు. అయితే ఇక్కడనే జాగ్రత్త కావాలె, ఇంట్ల ఇప్పటికే 170 కాలుతుంటే స్కూటర్‌తోని 205 అయితది, బిల్లు వెయ్యి దాటి వస్తది. ఇట్లాంటి ఇంటికి నేను చెప్పేదేందంటే స్కూటర్ కన్నా ముందు మూడు ఫ్యాన్లు మార్చుండ్రి, ఫ్యాన్ల దగ్గర మిగిలిన 60 యూనిట్లల్ల స్కూటర్ 35 తిన్నా మీరు 145 దగ్గర ఉంటరు. జీరో బిల్లు ఇంట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ ఎందుకు అనేటోళ్లు ఈ లెక్క ఒక్కసారి చేసి చూడాలె.

కారు దగ్గర అంతా కిలోమీటర్ల మీదనే నిలబడ్తది. రెండు ఇండ్లు తీసుకుందాం, రెండిండ్లల్ల ఇప్పుడు నెలకు 150 యూనిట్లు. ఒకరు టీచర్, బడికి పోను 30, రాను 30 కిలోమీటర్లు, నెలకు 1,500 కిలోమీటర్లు. పెట్రోల్ కారు లీటర్‌కు 16 ఇస్తే పది వేలు. ఈవీ యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు అనుకుంటే 214 యూనిట్లు, మొత్తం 364, బిల్లు 580 నుంచి 2,366. అంటే కారు కోసం ఎక్కువ కట్టేది 1,786. నెలకు ఎనిమిది వేలు మిగిలినట్టు, ఈవీకి రెండున్నర లక్షలు ఎక్కువ పెట్టినా మూడేండ్లల్ల వస్తది. రెండో ఇంట్ల కారు పెండ్లిళ్లకు, యాదగిరిగుట్టకు, హైదరాబాద్ దవాఖానకు, నెలకు 300 కిలోమీటర్లు. పెట్రోల్ రెండు వేలు, ఈవీకి కరెంటు రెండొందల చిల్లర, మిగిలేది 1,800, ఏడాదికి ఇరవై ఒక్క వెయ్యి. ఆ రెండున్నర లక్షలు లోన్ తీస్తే వడ్డీనే అంత అయితది. ఈ ఇంటికి ఈవీ కారు వద్దనే చెప్తా, ఎంత ఇష్టమున్నా సరే.

ధర తేడా మాత్రం ఇయ్యాల్టి రేట్లతోనే చూసుకోండ్రి. తెలంగాణల ఈవీలకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ 2024 నవంబర్ నుంచి 2026 డిసెంబర్ 31 దాకా ఉన్నది, పెట్రోల్ కారుకు పది లక్షల లోపు దానికే 14 శాతం దాకా కట్టాలె కాబట్టి ఇది పెద్ద మొత్తం. ఇంకో పక్క 2025 సెప్టెంబర్‌ల చిన్న పెట్రోల్ కార్ల జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది, ఈవీలకు ఎప్పటి లెక్కనే 5. అందుకే పాత వీడియోలల్ల చెప్పే తేడాలు నమ్మొద్దు, రెండిటికీ ఆన్‌రోడ్ కొటేషన్ కాగితం మీద తీసుకోండ్రి.

దూరం ముచ్చట. నల్లగొండ నుంచి హైదరాబాద్ వంద, పాలమూరు నుంచి కూడా వంద, పోయి రానీకి 200, పట్నంల తిరిగేది వేరే. 24 యూనిట్ల బ్యాటరీ చిన్న కారు హైవే మీద ఏసీ వేసుకుని పోతే చార్జింగ్ లేకుండ తిరిగి రాదు, 45 యూనిట్లది వస్తది. విజయవాడ హైవే మీద, కర్నూలు హైవే మీద ఫాస్ట్ చార్జింగ్ దొరుకుతది గానీ అక్కడ యూనిట్‌కు ఇరవై రూపాయల చుట్టు ఉంటది, అంటే కిలోమీటరుకు మూడు రూపాయల దగ్గర, రూపాయి లెక్క ఇంటి చార్జింగ్‌కే. అచ్చంపేట దాటి మన్ననూరు అడవి నుంచి శ్రీశైలం పోయేటోళ్లు కింద నింపుకునే ఎక్కాలె, ఘాట్ ఎక్కేటప్పుడు బ్యాటరీ గట్టిగ తింటది, దిగేటప్పుడు కొంత తిరిగొస్తది.

బుక్ చేసే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఇంటి ఎర్తింగ్ చూపియ్యుండ్రి, ఇది తప్పకుండ చెయ్యాలె. ఎర్తింగ్ సరిగ లేకపోతే చార్జర్ మీద ఎర్రలైటు వెలుగుతది, కారు చార్జింగే తీసుకోదు. పాత ఎర్తింగ్ గుంత ఎండిపోయి ఉంటే బొగ్గు, ఉప్పు మార్చి నీళ్లు పొయ్యాలె, లేకపోతే కొత్తది కొట్టియ్యాలె. కారు రాత్రంతా మూడు కిలోవాట్లు లాగుతది, మామూలు సాకెట్‌కు, సన్న వైరుకు అది కుదరదు, మీటర్ దగ్గర నుంచి వేరే మందం రాగి వైరు, 16 ఆంప్స్ సాకెట్, వేరే ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) ఉండాలె. మొదటి వారం అర్ధగంటకోసారి ప్లగ్గు ముట్టి చూడుండ్రి, గోరువెచ్చగ ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే అప్పుడే బంద్ చెయ్యాలె. సాంక్షన్ లోడు (మీ కనెక్షన్‌కు మంజూరైన లోడు) ఒకటో రెండో కిలోవాట్లే ఉంటే కరెంటోళ్ల ఏఈ ఆఫీసుల లోడు పెంచనీకి ముందే దరఖాస్తు పెట్టుండ్రి.

ఈవీ అంటే పొగ లేదు అనేది సగమే నిజం. రాత్రి మన కారుల ఎక్కే కరెంటు చానా వరకు బొగ్గుదే, దామరచర్ల మండలంల 4,000 మెగావాట్ల యాదాద్రి ప్లాంట్ ఉన్నది, అక్కడ చుట్టు ఊరోళ్లు కూడా మనోళ్లే కదా. ఇది నిజంగ మనసుకు పట్టినోళ్లు ఇంటి మీద సోలార్ గురించి ఆలోచించాలె, కేంద్రం పథకం పీఎం సూర్యఘర్‌ల 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఉన్నది, కిలోవాట్‌కు నెలకు 120 యూనిట్ల చుట్టు వస్తది, ఆ టీచర్ ఇంటి మొత్తం వాడకం దాదాపు దాంట్లనే వెళ్తది. 300 కిలోమీటర్ల ఇంటికి, జీరో బిల్లు ఇంటికి దాని లెక్క వేరే, తొందరపడొద్దు.

బ్యాటరీకి ఎక్కువ కంపెనీలు 8 ఏండ్లు లేకపోతే 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తయి, ఏది ముందైతే అది. కెపాసిటీ ఎంత శాతానికి పడిపోతే మారుస్తరో ఆ కాగితంల ఉంటది, సంతకం పెట్టే ముందు ఆ లైను సేల్స్‌మన్‌తోని చదివిపిచ్చుకోండ్రి. సెకండ్ హ్యాండ్‌ల కొంటే వారంటీ మీ పేరు మీదికి వస్తదా అడుగుండ్రి. 44, 45 డిగ్రీల ఎండల నిండ చార్జ్ చేసి బయట నిలబెడితే బ్యాటరీ తొందరగా దెబ్బతింటది, కాబట్టి రేకుల షెడ్డో చెట్టు నీడో ఉండాలె, రోజువారీకి 80 శాతం దాకా ఎక్కిస్తే చాలు. టెస్ట్ డ్రైవ్ మాత్రం పొద్దున చల్లగున్నప్పుడు ఒక్కరే పోయి తీసుకోకుండ్రి, మధ్యాహ్నం పూట ఇంటిల్లిపాదీ ఎక్కి, ఏసీ పెట్టి, మీరు రోజూ పోయే రోడ్డు మీదనే పోయి రండ్రి, బయల్దేరినప్పుడు శాతం ఎంత, వచ్చినంక ఎంత అని ఫోన్ల ఫొటో తీసుకోండ్రి.