ఇంట్లో ఎస్ప్రెస్సో, 5వ భాగం: మెషీన్‌కి నేరుగా నీళ్ల లైను

పోయిన భాగం చివర మెషీన్ వెనక, అడుగున ఫొటోలు తీసి పెట్టుకోమన్నాను. వాటిలో ట్యాంకు తప్ప నీళ్లు వచ్చే దారి ఇంకేదీ కనిపించకపోతే ఈ పాఠం మీకు అక్కర్లేదు. మీది ట్యాంకు నీళ్లనే లాగే చిన్న వైబ్రేషన్ పంపు మెషీన్ అయ్యుంటుంది, దానికి చెంబుతో పోసుకోవడమే మంచిది. మోటారుతో తిరిగే రోటరీ పంపు ఉండి, 3/8 అంగుళం మరతో ఇన్‌లెట్ ఉన్నవాళ్లు కూర్చోండి.

పైపు తగిలించడం గంట పని. అసలు పని అంతకుముందే ఉంది: మీ ఇంట్లో ప్రెషర్ ఎంత, నీళ్లు ఎలాంటివి అని తెలుసుకోవడం. చాలా మాన్యువళ్లు లైనులో 2 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) దాకా ప్రెషర్ ఉంటుందనుకుని రాసినవి. 1961లో ఇటలీ కంపెనీ ఫాయెమా వాళ్ల ఈ61 అనే ఎస్ప్రెస్సో మెషీన్ మోటారు పంపుతో వచ్చి, నీళ్లను సరాసరి లైను నుంచే లాక్కుంది. ఇటలీలో ఆ లైను వీధి గొట్టం. మన బెంగళూరులో కావేరి నీళ్లు తొరెకాడనహళ్లి పంపింగ్ స్టేషన్ నుంచి దాదాపు 100 కిలోమీటర్లు పైపుల్లో ఎక్కి వచ్చి కూడా చివరికి సంపులో పడతాయి. అక్కడి నుంచి మోటారు వాటిని మిద్దె మీదికి తోలుతుంది. కాబట్టి మనలో చాలామందికి డైరెక్ట్ లైను అంటే మిద్దె మీది నల్ల ట్యాంకే.

ఆ ట్యాంకు లెక్క సులువు. నీటి మట్టం కుళాయి కంటే 10 మీటర్లు ఎత్తులో ఉంటే సుమారు 1 బార్. నాలుగంతస్తుల బిల్డింగులో మాది మూడో అంతస్తు. గాలీ వెలుతురూ బ్రహ్మాండం, ప్రెషర్ మాత్రం సున్నాకి దగ్గర చుట్టం. వాషింగ్ మెషీన్ కుళాయికి గేజ్ బిగిస్తుంటే మా ప్లంబర్, మదనపల్లె వైపు మనిషి, నవ్వాడు.

"ట్యాంకు నీళ్లకి గేజ్ ఎందుకు సార్? వస్తాండాయి కదా!"

ముల్లు 0.6 దగ్గర ఆగింది. బాత్రూంలో షవర్ తిప్పమన్నాను, 0.4కి దిగింది. మీరు రాసుకోవాల్సింది ఆ రెండో అంకె. మెషీన్‌కి నీళ్లు కావాల్సినప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు స్నానం చేస్తూనే ఉంటారు. ఇంత తక్కువ ప్రెషర్ మీద రోటరీ పంపును నడిపితే నీళ్లు చాలక గీపెడుతుంది. ఆ గోల అలవాటైపోయిందనుకునే లోపు పంపు పాడవుతుంది.

అందుకని మధ్యలో ఒక చిన్న డయాఫ్రం పంపు పెట్టుకోవాలి. ప్రెషర్ పడిపోతే తనే ఆన్ అయ్యి, నిండితే తనే ఆగే రకం. వరస ఇలా పెట్టండి: యాంగిల్ కాక్, మట్టి పట్టే ఫిల్టర్, పంపు, కార్బన్ ఫిల్టర్, గార కట్టకుండా చూసే సాఫ్ట్‌నర్ కార్ట్రిడ్జ్, ప్రెషర్ రెగ్యులేటర్, చివర మెషీన్. రెగ్యులేటర్‌ని మాన్యువల్ చెప్పిన అంకెకే తిప్పండి. ఎక్కువ ఇస్తే కాఫీ బాగుంటుందనేది అపోహ.

ఇక నీళ్లు. కావేరి నీళ్లొచ్చే ఇంటికీ, ట్యాంకరు తోలే ఇంటికీ ఒకే పాఠం చెల్లదు. బోరు నీళ్లయితే గీజరు కాయిల్ బయటికి తీసి చూడండి. తెల్లటి గార పెచ్చులుగా లేస్తుంటే మీ బాయిలర్‌కి పట్టబోయేదీ అదే. నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఒకే అంకెగా చూపే టీడీఎస్ మీటర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. సాఫ్ట్‌నర్ కాల్షియంని తీసి సోడియం ఇస్తుంది, కాబట్టి గార తగ్గినా మీటర్ అంకె దాదాపు అలాగే ఉంటుంది. గార కట్టే గుణాన్ని, అంటే హార్డ్‌నెస్‌ని, కొలిచే చుక్కల కిట్ అక్వేరియం దుకాణాల్లో దొరుకుతుంది, రంగు మారేదాకా చుక్కలు లెక్కపెట్టడమే. కాఫీకి హార్డ్‌నెస్ 50 నుంచి 175 పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) మధ్య మేలు. క్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లకి సాఫ్ట్‌నర్ చాలదు. ఉప్పు స్టీలు బాయిలర్‌ని తింటుంది, సాఫ్ట్‌నర్ దాన్ని తియ్యదు.

"గోడకున్న ఆర్వో నుంచే లాగేస్తే పోలా?" అని అడుగుతారు. పోదు. దాని ట్యాంకు నుంచి నీళ్లు వాటి బరువుకే కారతాయి, ప్రెషర్ ఉండదు. పైగా మరీ తేటైన ఆర్వో నీళ్లలో కరెంటు సరిగా పారదు. బాయిలర్లో మట్టం చూసే ప్రోబ్‌కి నీళ్లున్నట్టు తెలియక నింపుతూనే పోవచ్చు. ఆర్వోయే వాడాలంటే మామూలు నీళ్లు కొంత కలిపి, మళ్లీ హార్డ్‌నెస్ చూసుకోండి.

బిగించేటప్పుడు రెండే జాగ్రత్తలు చెప్తాను, రెండూ నేను పొరపాటు చేసి నేర్చుకున్నవే. మర మీద టెఫ్లాన్ టేపు, మర మీకేసి ఉండగా, గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టండి. తిరగేసి చుడితే బిగించేకొద్దీ లేచిపోతుంది. రెండోది, పావు అంగుళం తెల్ల పైపుని కూరగాయల కత్తితో కోయకండి. నేను కోశాను. చివర కాస్త ఏటవాలుగా వచ్చింది, నొక్కితే టక్కుమని కూర్చుంది కూడా. రాత్రి రెండింటికి జాయింటు లోపలి రబ్బరు ఓ-రింగు పక్కనుంచి చుక్క చుక్కగా కారి, పొద్దుటికి కింద అరలోని సోనామసూరి బస్తా అడుగు ముద్దయిపోయింది. పైపు కట్టర్ కొనుక్కోండి, ఆ బస్తా కంటే చవక.

మెషీన్‌కి కలపకముందు కార్బన్ ఫిల్టర్ నీళ్లు బకెట్లోకి వదలండి. మొదట బొగ్గు కడిగినట్టు నల్లగా వస్తాయి, తేటపడేదాకా పారబోయండి. తర్వాత పైపు కలిపి, మెషీన్‌కి కరెంటు ఇవ్వకుండా లైను పంపుకి మాత్రం ఇచ్చి నీళ్లు విప్పండి. ప్రతి జాయింటు కింద ఒక టిష్యూ పరిచి రాత్రంతా వదిలేయండి. తడి మరక కళ్లకి కనపడకపోయినా టిష్యూ మీద కనపడుతుంది.

పండక్కి ఊరెళ్లేటప్పుడు యాంగిల్ కాక్ మూసి, పంపు ప్లగ్ పీకి వెళ్లండి.

వచ్చే భాగంలో డ్రిప్ ట్రే నుంచి సింకు దాకా డ్రెయిన్ పైపు. ఈలోపు షవర్ నడుస్తుండగా వచ్చిన గేజ్ అంకె, హార్డ్‌నెస్ చుక్కల లెక్క ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. వేసవిలో ట్యాంకరు వచ్చిన రోజు మరోసారి చూసి, పక్కనే ఆ అంకె కూడా రాయండి.