వానలు మొదలయ్యేలోపు పాత నాణేలకు ఫోటోలు తీసేవారు పాటించవలసిన జాగ్రత్తలు

నైరుతి రుతుపవనాలు వచ్చి గాలిలో తేమ పెరగకముందే, మన దగ్గరున్న పాత నాణేలన్నింటికీ బొమ్మా బొరుసూ స్పష్టంగా కనిపించేలా ఫోటోలు తీసి ఉంచుకోవాలి. వానాకాలం గడిచాక రాగి నాణెం మీద పచ్చని చిలుము కనిపిస్తే, అది ముందునుంచీ ఉన్నదా, ఈ ఏడు కొత్తగా పట్టినదా అని తేల్చుకోవడానికి ఆ ఫోటోనే ఆధారం. అయితే పెట్టెలో భద్రంగా ఉన్న నాణెం చేతుల్లోకి, దీపాల కిందికి వచ్చే ఆ కాసేపట్లోనే దానికి కోలుకోలేని దెబ్బ తగిలే అవకాశం ఎక్కువ.

ఫోటోలో బాగా మెరవాలని రాగి నాణేన్ని చింతపండుతోనో, వెండి నాణేన్ని విభూతితోనో తోమడం అన్నిటికన్నా పెద్ద తప్పు. చింతపండులోని ఆమ్లం పైపొరను తినేస్తుంది, విభూతి సన్నని గీతలు పెడుతుంది, దశాబ్దాల తరబడి లోహం మీద ఏర్పడిన సహజమైన రంగు ఒకసారి పోతే మళ్లీ రాదు. దుమ్ము ఉంటే రబ్బరు బుడ్డితో గాలి కొట్టండి. నోటితో ఊదితే కంటికి కనబడని తుంపరలు పడి, కొన్నాళ్లకు మచ్చలవుతాయి. శాతవాహనుల సీసపు నాణేల మీద తెల్లని పొడి కనిపిస్తే అసలే ఊదవద్దు. అది సీసం చెడిపోగా ఏర్పడిన విషపదార్థం కనుక, అటువంటి నాణేలను తాకిన తరువాత చేతులు తప్పక కడుక్కోవాలి.

నాణేన్ని ఎప్పుడూ అంచులతోనే పట్టుకోవాలి, బల్ల మీద మందపాటి మెత్తని గుడ్డ పరచి దానికి దగ్గరగానే కదిలించాలి. నూలు తొడుగుల్లోంచి నాణెం జారిపోతుంది కనుక పొడి లేని నైట్రైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) తొడుగులు మేలు. నేను ఒకప్పుడు తొందరలో ఒక వెండి రూపాయిని బొటనవేలితో నొక్కి పట్టుకున్నాను. ఆ రోజు ఏమీ కనిపించలేదు గానీ, మరుసటి ఏడాదికి నా వేలిముద్ర నల్లగా తేలింది, ఇప్పటికీ పోలేదు. ఏసీ గదిలో చల్లబడిన నాణేన్ని ఉక్కగా ఉన్న గదిలోకి తెచ్చి వెంటనే మూత తీస్తే దానిమీద నీటి చెమ్మ పేరుకుంటుంది కాబట్టి, గది వేడికి వచ్చేదాకా డబ్బా మూసే ఉంచండి. కెమెరాను నాణేనికి నిట్టనిలువుగా పైన బిగించేవారు, ట్రైపాడ్ మరలన్నీ గట్టిగా ఉన్నాయని చూసుకున్న తరువాతే నాణేన్ని దాని కింద పెట్టాలి.

ఇక వెలుతురు సంగతి. పగటి వెలుగులో తీసేటట్లయితే ఉత్తరం వైపు కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట తీయండి. ఎండ నేరుగా పడితే వెండి మీద తెల్లని మెరుపు మరకలు తప్ప అక్షరాలు కనిపించవు. మబ్బు కదిలినకొద్దీ రంగు మారుతుంది కనుక రెండు వైపులనూ వెంటవెంటనే తీయాలి, గదిలో ట్యూబ్‌లైటును ఆర్పివేయాలి. కిటికీ వెలుగు, దీపపు వెలుగు కలిస్తే నాణేనికి ఒక పక్క నీలం, మరో పక్క పసుపు తేలుతుంది, దాన్ని తరువాత సరిదిద్దడం దాదాపు అసాధ్యం. దీపాలు వాడేవారు ఒకే రకం ఎల్‌ఈడీలు రెండు తీసుకుని, గడియారంలో 10, 2 అంకెలుండే దిక్కుల్లో పెట్టి, ట్రేసింగ్ పేపర్ అడ్డుపెట్టి వెలుగును మెత్తబరచాలి. కొన్ని ఎల్‌ఈడీలు కరెంటుతో పాటు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి కనుక, ఫోటోలో అడ్డచారలు కనిపిస్తే షట్టర్ వేగాన్ని 1/100 లేదా 1/50 సెకనుకు తగ్గించి చూడండి.

వెలుగు కోణమే నాణేన్ని చదివిస్తుంది. నిజాం రాజ్యపు చార్మినార్ రూపాయినే తీసుకుందాం. కట్టడపు ద్వారంలో ఉన్న అరబీ లిపిలోని చిన్న అక్షరం, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ఆయన పేరులోని మొదటి అక్షరం మీమ్, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఆయన పేరులోని మొదటి అక్షరం ఐన్. ఐన్ పూర్తిగా ఉందా, కురచగా ఉందా అన్న దాన్నిబట్టి సేకర్తలు రకాన్ని గుర్తిస్తారు. వెలుగు నేరుగా పైనుంచి పడితే ఆ అక్షరం కలిసిపోతుంది, పక్కనుంచి వాలుగా పడితే తేలుతుంది. అరిగిన నాణేలకు దీపాన్ని ఇంకా కిందికి దించాలి. కానీ వెలుగు మాత్రం బొమ్మ తల వైపునుంచే రావాలి, ఎందుకంటే కిందినుంచి పడితే ఉబ్బెత్తు భాగాలన్నీ గుంటలుగా కనిపించి కంటిని మోసగిస్తాయి. సేకర్తల కోసం ప్రత్యేకంగా అచ్చువేసిన, అద్దంలా మెరిసే ప్రూఫ్ నాణేలలో కెమెరా ప్రతిబింబం పడకుండా, లెన్స్‌కు సరిపడా రంధ్రం చేసిన నల్లని అట్టను అడ్డంగా పెట్టండి.

ఫోటో తీసే ముందే ఫోన్ కెమెరాలో లొకేషన్ నమోదును ఆపివేయండి, లేకపోతే దాన్ని ఇతరులకు పంపినప్పుడు నాణేల పెట్టె ఏ ఇంట్లో ఉందో ఫోటోయే చెప్పేయవచ్చు. అమ్మకానికి పెట్టే నాణేనికి రంగు పెంచి చూపడం కొనేవారిని మోసగించడమే. పని ముగిశాక నాణేలను పీవీసీ అనే ప్లాస్టిక్ లేని కవర్లలో పెట్టి, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లం వేసి మూసివేయండి. రబ్బరు బ్యాండ్లు, పాత వార్తాపత్రికలు వెండిని నల్లబరుస్తాయి కనుక వాటిని దగ్గరకు రానీయవద్దు. దీపం ఎంత ఎత్తులో, ఏ దిక్కున పెట్టారో నోటుపుస్తకంలో రాసుకుంటే, కార్తీకంలో పెట్టె తెరిచినప్పుడు అదే వెలుగులో మళ్లీ తీసి రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు.